గ్యాలరీలో మా వదిన

మా సౌభాగ్యమ్మ వదినకి కళ్ళు మూసుకోవడం అలవాటు. నిద్ర సంగతి కాదు, ప్రార్థన సంగతి చెబుతున్నాను. మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తే కొంగు నెత్తిమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంటుంది. బస్సెక్కగానే ఒకసారి, బస్సు కదిలేటప్పుడు ఇంకోసారి మూసుకుంటుంది. చర్చి గంట మోగితే చేతులు పిండిలో ఉన్నా సరే, పని ఆపేసి మూసుకుంటుంది. నందిగామలో ఒక బళ్ళో మధ్యాహ్న భోజనం వండేది ఆమే. అన్నం డేగిసా దించే ముందు కూడా ఆమె కళ్ళు మూతపడతాయి. పిల్లలు కంచాలు పట్టుకుని, వంటావిడ ఎప్పుడు కళ్ళు తెరుస్తుందా అని చూస్తూ నిలబడతారు.

నేనూ ఆ చర్చికే వెళతాను. ఆదివారం తప్పను. కానీ దేవుడికి రోజంతా ఇంత పని పెట్టను. "ఆయనకి వేరే ఇళ్ళు కూడా ఉంటాయి వదినా" అంటే నవ్వేసి ఊరుకుంటుంది. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండుతుంది.

మా అన్నయ్య జయరాజ్ సిమెంటు లారీ నడిపే రోజుల్లో పొద్దున్నే ఇంటిముందు బండి స్టార్ట్ చేసేవాడు. వదిన గడపలో నిలబడి, కళ్ళు మూసుకుని, ఆ ఇంజను చప్పుడు హైవే చప్పుళ్ళలో కలిసిపోయేదాకా ప్రార్థన చేసేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ లారీ బయల్దేరడం ఆమె వినడమే గానీ ఎన్నడూ చూడలేదు. అన్నయ్య మాత్రం కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. ఎవరికి ఊపుతున్నావని నేను వెక్కిరిస్తే, "అలవాటైపోయిందే" అనేవాడు.

ఒక్క రోజు ఆ ప్రార్థన తప్పింది. మిరప కోతల రోజులు. బడికి సెలవులైతే వదిన కూలికి వెళ్ళేది. వీరులపాడు వైపు కోతకి మనుషుల్ని తీసుకెళ్ళే ఆటో ఆ రోజు ముందుగా వచ్చి హారన్ కొడుతోంది. అన్నయ్య ఇంకా పళ్ళు తోముకుంటున్నాడు. "వెళ్ళొస్తా" అని కేకేసి ఎక్కేసింది. ఆ మధ్యాహ్నం చిల్లకల్లు దగ్గర లారీ ఆపి, లోడు మీదికెక్కి తాడు బిగిస్తూ అన్నయ్య కిందపడ్డాడు. రక్తం చుక్క రాలేదు. లేచి దులుపుకుని టీ కూడా తాగాడట. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. తర్వాత ఆసుపత్రి, తలకి ఆపరేషన్.

మనిషి దక్కాడు. ఇప్పుడు నేను వాళ్ళింటికి వెళితే "ఎప్పుడొచ్చావ్ పరిమళా?" అని అడుగుతాడు. టీ తాగేలోపు మళ్ళీ అదే అడుగుతాడు. కూరలో ఉప్పు వేసి, వేసిన సంగతి మర్చిపోయి మళ్ళీ వేస్తాడు. ఒక్కోసారి కన్నకూతురి పేరు గుర్తురాక మొహం అటు తిప్పుకుంటాడు. అది చూస్తే నాకు ఏడుపు ఆగదు. నేను ఏడిస్తే అన్నయ్య కంగారుపడతాడని ఏదో పని ఉందని చెప్పి వచ్చేస్తాను.

ఆ రోజు తను ప్రార్థన చెయ్యకపోబట్టే ఇలా జరిగిందని వదిన నమ్మింది. అది తప్పని పాస్టరుగారు నెమ్మదిగా చెప్పారు. నేను గట్టిగానే చెప్పాను. వదిన ఇద్దరి మాటా విని, మర్నాటి నుంచి ఇంకాసేపు ఎక్కువ కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టింది.

అలాంటి ఇంట్లో పిల్ల బాక్సింగ్ నేర్చుకుంది.

జెరూషా నందిగామలో డిగ్రీ చదువుతోంది. కాలేజీ ఆటలపోటీల్లో దాన్ని చూసి, జగ్గయ్యపేటలో బాక్సింగ్ నేర్పే ఖయ్యూమ్ మాస్టారు రమ్మన్నారు. కాలేజీ అవగానే బస్సెక్కి వెళ్ళేది. మొదట్లో వదిన ఏమీ అనలేదు. ఒకసారి అక్కడికి వెళ్ళి చూసింది కూడా. ఆ రోజు పిల్లలంతా వేలాడదీసిన సంచిని గుద్దుతున్నారు. బాక్సింగంటే సంచిని గుద్దడమే అనుకుని నిశ్చింతగా ఇంటికొచ్చింది. కొన్ని నెలలకి జెరూషా కంటి కింద వాపుతో వచ్చినప్పుడు గానీ, ఎదుట సంచి బదులు మనిషి ఉంటుందని, ఆ మనిషి కూడా కొడుతుందని వదినకి తెలియలేదు.

ఆ రాత్రి ఇద్దరూ అన్నం తినలేదు. వదినది ఉపవాసం, పిల్లది కోపం. గ్లోవ్స్ అటకెక్కాయి. అన్నయ్య ఒక్కడే కంచం ముందు కూర్చుని, "మీరు తిన్నారా?" అని అందరినీ అడుగుతున్నాడు. మర్నాడు నాకు కబురొచ్చింది. వెళ్ళేసరికి వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

"నేనేం కొట్టించుకోడానికి వెళ్ళట్లేదమ్మా. తప్పించుకోడం నేర్చుకోడానికే సగం టైం పోద్ది" అంటోంది జెరూషా.

"మీ నాన్న కూడా పడదామని ఎక్కలేదు" అంది వదిన.

అన్నయ్య గోడకానుకుని టీవీ చూస్తున్నాడు. జెరూషా చాలాసేపు తండ్రినే చూసింది. తర్వాత వచ్చి తల్లి ముందు కూర్చుంది.

"ఒక్కసారి వచ్చి చూడమ్మా. వచ్చే నెల జగ్గయ్యపేటలోనే పోటీలు. నా ఆట మొత్తం చూడు. చూసాక నీ నోటితో ఆపెయ్యమంటే ఆపేస్తా. ఇంక ఆ గ్లోవ్స్ ముట్టుకోను."

"ఒట్టేనా?" అన్నాను నేను. వదిన నా వైపు గుడ్లురిమింది. వాళ్ళింట్లో ఒట్లు ఉండవు. అన్నమాట అన్నట్టు ఉండాలి, అబద్ధం ఎంత చిన్నదైనా ఆడకూడదు. నాకు ఇది కూడా చాదస్తంగానే ఉండేది.

"చూస్తా" అంది వదిన.

తర్వాత పెరట్లో గిన్నెలు తోముతూ నాతో అసలు మాట చెప్పింది. "ఏం చూసినా ఆపెయ్యమనే అంటా పరిమళా. ఇంకో తల నేను చూసుకోలేను." నాకూ అదే నయమనిపించింది. ఒక అన్నయ్య చాలు ఆ ఇంటికి.

అప్పుడొచ్చింది టికెట్ల గొడవ. పోటీలు ఊరి చివర ఒక పెద్ద ఫంక్షన్ హాల్లో. రింగు చుట్టూ సోఫాలు పెద్దమనుషులకి. వాటి వెనక కుర్చీలు. అన్నిటికన్నా వెనక, సరుగుడు కర్రలు కట్టి పలకలు పరిచిన గ్యాలరీ. గ్యాలరీ టికెట్టు చవక. కుర్చీ టికెట్టు వదినలాంటివాళ్ళు ఆలోచించుకుని కొనవలసినది. అది నేను కొంటానన్నాను. నందిగామలో ఓ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకునేదాన్ని, నాకూ గొప్ప జీతమేం రాదు. అయినా మేనకోడలి ఆట కదా.

"గ్యాలరీ చాలు" అంది వదిన.

"అంత దూరం నించి ఏం కనపడుద్దమ్మా? ఫోన్లో లైవ్ వస్తదంట, దాన్లోనే ఇంతకన్నా బాగా కనపడుద్ది" అంది జెరూషా ఉక్రోషంగా.

"అయితే ఫోన్లోనే చూస్తా."

"ఫోన్లో చూస్తే లెక్కలోకి రాదు. నువ్వు రావాలి."

"వస్తన్నాగా. చూడమన్నావు గానీ ఎక్కడ కూర్చుని చూడాలో చెప్పలేదుగా."

తల్లీకూతుళ్ళ మధ్య నా ప్రాణం విసిగిపోయింది. సరే, తెలిసినవాళ్ళనే అడుగుదామని వదినని తీసుకుని జగ్గయ్యపేట వెళ్ళాను. ఖయ్యూమ్ మాస్టారు పొట్టి మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. మాకు స్టూళ్ళు వేయించి, టీ తెప్పించారు. వదిన కళ్ళు మూసుకుని తెరిచేదాకా ఆగి మాట మొదలుపెట్టారు.

"గ్యాలరీ వద్దమ్మా. అక్కణ్ణించి చూస్తే దెబ్బ తగిలిందో, చేతికి అడ్డంపడి జారిపోయిందో తెలీదు. మొహాలు కనపడవు."

"అయితే గ్యాలరీ టికెట్టు దండగేనంటారా మాస్టారూ?" అన్నాను.

"దండగని అనలేనండి. పైనించి కాళ్ళు బాగా కనపడతాయి. ఆట తెలిసినోళ్ళు కాళ్ళే చూస్తారు. మీ అమ్మాయికి మంచి కాళ్ళు. కానీ ఆవిడ ఆట చూడ్డానికి రావట్లేదు కదా, పిల్లని చూడ్డానికి వస్తున్నారు. పిల్లని చూడాలంటే దగ్గర కూర్చోవాలి."

నాకు ఆ మాట నచ్చింది. టికెట్లు ఆయన దగ్గరే ఉంటే, కుర్చీ టికెట్టుకి పర్సు తీయబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుని, "గ్యాలరీయే ఇవ్వండి మాస్టారూ" అంది. ఆయన అదే ఇచ్చారు.

తిరుగు బస్సులో నేను మొహం మాడ్చుకుని కూర్చున్నాను. వదినే అంది. "దగ్గర కూర్చుంటే చప్పుడు వినపడుద్ది పరిమళా. తలకి తగిలిన చప్పుడు." అయినా లోపల అనిపించింది, చెప్పబోయే మాట ముందే సిద్ధం చేసుకున్న మనిషికి ఎక్కడ కూర్చుంటే ఏమిటని. చవక టికెట్టు ఆమెకి అందుకే సరిపోయింది. వచ్చిందన్న మాట దక్కుతుంది, చూడవలసిన బాధ తగ్గుతుంది.

పోటీల రోజు శనివారం. మా ఆయన్ని అన్నయ్య దగ్గర కూర్చోబెట్టి మేమిద్దరం బయల్దేరాం. చిల్లకల్లు వచ్చేసరికి వదిన కొంగు నెత్తిమీదికి లాక్కుంది. అన్నయ్య పడిన చోటు దాటి బస్సు పేట రోడ్డుకి తిరిగేదాకా కళ్ళు తెరవలేదు.

గ్యాలరీ ఎక్కడానికే నాకు ఆయాసం వచ్చింది. పలకలు కిర్రుమంటున్నాయి. కాలేజీ కుర్రాళ్ళు పల్లీల పొట్లాలతో వరసలన్నీ ఆక్రమించారు. అక్కణ్ణుంచి చూస్తే రింగు నవారు మంచమంత ఉంది. దాంట్లో మనుషులు ఉన్నారనే తెలుస్తోంది గానీ ఎవరు ఎవరో తెలియడం లేదు. నా మాటే నిజమైందని వదినకి వినపడేలా గొణిగాను.

మొదటి పోటీ మగపిల్లలది. గంట మోగినప్పుడల్లా కళ్ళు మూసి తెరిచినా, మిగతాదంతా వదిన చూసింది. "పాపం, ఎవరి బిడ్డో" అని ఓడినవాడి కోసం బాధపడింది కూడా. నేను కుదుటపడ్డాను. చూడగలదులే అనుకున్నాను.

తర్వాత జెరూషా పేరు మైకులో వినిపించింది. అవతలిది విశాఖ నుంచి వచ్చిన అమ్మాయి, మనదానికన్నా చెయ్యి పొడవు. ఇద్దరికీ తలకి కవచాలు.

"ఏది మన పిల్ల?" అంది వదిన.

"ఎర్ర బనీను."

"ఆ టోపీ గట్టిగానే ఉంటదా?"

"ఉంటది వదినా, అందుకేగా పెట్టింది."

గంట మోగింది. మా ముందు వరస మొత్తం లేచి నిలబడింది. వాళ్ళు లేస్తే నేనూ లేచాను, లేవకపోతే వీపులు తప్ప ఏమీ కనపడవు. మాస్టారు చెప్పినట్టు కాళ్ళే చూశాను. జెరూషా ఒక్కచోట ఉండడం లేదు. ముందుకు వెళ్ళినట్టే వెళ్ళి పక్కకి తప్పుకుంటోంది. ఆ పొడుగు చేతులు గాలిని కొట్టి వెనక్కి వెళుతున్నాయి. ఇంట్లో ఎప్పుడూ గోడవారగా నడిచే పిల్ల, తండ్రి ఉలిక్కిపడతాడని గిన్నె కూడా చప్పుడు కాకుండా పెట్టే పిల్ల, అంత చోటు తనదే అన్నట్టు తిరుగుతోంది. అది మా అన్నయ్య కూతురని పక్కనున్న కుర్రాళ్ళకి చెప్పాను. అడగకుండానే చెప్పాను.

రెండో రౌండులో తగిలింది. అంత దూరం నుంచి కూడా నాకు తెలిసింది. తల ఒక్కసారి వెనక్కి వెళ్ళి, మోకాళ్ళు వంగి, కింద కూలబడింది. చిల్లకల్లు దగ్గర నేను చూడని దృశ్యం ఇదే కదా అనిపించింది. రిఫరీ వేళ్ళు చూపిస్తూ లెక్కపెడుతున్నాడు. పిల్ల లేచింది. ఆయన ఏదో అడిగాడు, తల ఊపింది. మళ్ళీ ఆ కాళ్ళు కదలడం మొదలుపెట్టాయి. ముందు మెల్లిగా, తర్వాత మునుపటిలాగే. మూడో రౌండంతా అదే వెంటపడి ఆడింది. నేను గొంతు పోయేలా అరిచాను, మా స్కూలు పిల్లలు చూస్తే భయపడేవాళ్ళు. ఆఖరికి రిఫరీ ఎత్తింది అవతలి అమ్మాయి చెయ్యి. కొద్దిలో పోయింది.

జనం కూర్చున్నారు. అప్పుడు పక్కకి తిరిగాను. వదిన మొదట కూర్చున్నట్టే కూర్చుని ఉంది. కొంగు నుదుటిదాకా ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి.

"వదినా."

"అయిపోయిందా? పిల్ల నిలబడే ఉందా?"

"నువ్వు చూళ్ళేదా?"

"గంట కొట్టారుగా" అంది వదిన. "కొట్టగానే కళ్ళు మూసుకుపోయినయ్. తెరుద్దామనుకునేసరికి మళ్ళా గంట కొట్టారు."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "ఇంత దూరం వచ్చి, టికెట్టు కొని, ఈ కర్రలెక్కి కళ్ళు మూసుకుంటావా? ఇదే ప్రార్థన ఇంట్లో కూర్చుని చేసుకుంటే పోయేదిగా?"

"ఆ రోజు చెయ్యలేదు కదా పరిమళా" అంది.

ఇంక నేనేం తిట్టను? ఆమె చెయ్యి పట్టుకుని కిందికి దింపాను. దిగుతూ జరిగిందంతా చెప్పాను. దెబ్బ తగిలిందని, పడిందని, లేచి ఆడిందని, ఓడిందని. నాకు భయం పట్టుకుంది. ఇప్పుడు వెళ్ళి 'చూశాను, ఆపెయ్' అంటే సరిపోతుంది. చూడలేదన్న సంగతి నాకొక్కదానికే తెలుసు. నెల కిందట ఆ మాటే అనాలని నేనూ కోరుకున్నాను. ఇప్పుడు అనకపోతే బాగుండునని ఉంది. అయినా బిడ్డ ఆమెది. నేను నోరు మూసుకోవాలనుకున్నాను, అది నాకు ఎంత కష్టమో ఎరిగినవాళ్ళకి తెలుసు.

జెరూషా హాలు పక్క తలుపు దగ్గర కుర్చీలో ఉంది. పై పెదవి చిట్లింది. గుడ్డలో ఐసు చుట్టి పట్టుకుంది. ఖయ్యూమ్ మాస్టారు పక్కనే ఉన్నారు. మమ్మల్ని చూసి పిల్ల లేచింది.

వదిన దాన్ని మళ్ళీ కూర్చోబెట్టింది. రెండు చేతులతో తలంతా తడిమింది.

"ఇవాళ ఏం వారం?" అంది.

ఆసుపత్రిలో అన్నయ్యని డాక్టర్లు రోజూ అడిగిన ప్రశ్న అది. పిల్లకీ అది గుర్తుంది.

"శనివారం."

"నీ పేరేంటి?"

"జెరూషా."

"అమ్మ పేరు?"

"సౌభాగ్యమ్మ. బానే ఉన్నానమ్మా. డాక్టరుగారు కూడా చూసారు." ఐసు గుడ్డ పెదవి మీంచి తీసింది. "ఇప్పుడు నువ్వు చెప్పు. మొత్తం చూసావుగా. ఆపెయ్యనా?"

వదిన నోరు తెరిచింది. నేను మాస్టారి బూట్లకేసి చూస్తున్నాను.

"చూళ్ళేదు" అంది వదిన.

"ఏంటి?"

"కళ్ళు మూసుకున్నా. గంట కొట్టిన కాణ్ణించి అయ్యేదాకా మూసుకునే ఉన్నా."

జెరూషా తల్లి మొహంలోకి చూసింది, నా మొహంలోకి చూసింది. ఐసు గుడ్డ చేతిలోంచి జారి కింద పడింది.

"నేను లేచింది చూళ్ళేదా?"

"లేదమ్మా."

ఓడినందుకు రాని ఏడుపు అప్పుడొచ్చింది దానికి. వాచిన పెదవితో సరిగా ఏడవడం కూడా రాక, చిన్నపిల్లలా మోకాళ్ళలో మొహం దాచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. వదిన మాత్రం ఏడవలేదు. కింద పడిన గుడ్డ తీసి, దులిపి, మళ్ళీ ఐసు చుట్టింది. పిల్ల గడ్డం ఎత్తి పెదవి మీద పెట్టింది.

"మళ్ళీ ఎప్పుడండీ మాస్టారూ పోటీలు?" అంది.

"డిసెంబరులో అమ్మా. విజయవాడలో."

"చూడకుండా ఆపెయ్యమని ఎట్టా అంటా" అంది వదిన, ఎవరితోనో తెలియకుండా. తర్వాత నా వైపు తిరిగింది. "ఈసారి కుర్చీ టికెట్టు తీసుకో పరిమళా. దానికి ఎదురుగా ఉండేది."

"చప్పుడు వినపడుద్దిగా వదినా."

"వినపడనీ. అక్కడైతే నేను కళ్ళు మూసుకుంటే పిల్లకి కనపడుద్ది."